వారం బుట్ట నుంచి ఖాతాకి: చిన్న తోట తన కూరగాయల వాటాల పద్ధతి మార్చుకోడం ఎలా

ఎకరమో రెండెకరాలో తోట ఉండి, పక్క టౌన్లో ఒక నలభై యాభై ఇళ్ళ వాళ్ళు సీజన్ మొదట్లోనే డబ్బు కట్టి మెంబర్లుగా చేరి, వారం వారం మీరు సర్ది పంపిన బుట్ట తీసుకుంటున్నారనుకోండి. అమలాపురం, రావులపాలెం, తణుకు, రాజమండ్రి చుట్టుపక్కల ఇలా చేస్తున్నవాళ్ళు, చేద్దామనుకుంటున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. బుట్టలో ఏం పెట్టాలో మీరే డిసైడ్ చేసే పద్ధతి నుంచి, మెంబరు డబ్బు ముందే కట్టి ఖాతాలో ఉంచుకుని తనకి కావల్సింది తనే ఎంచుకునే పద్ధతికి ఎలా మారాలో మొదట్నుంచి చివరిదాకా చెప్తాను. నా మాట ఒక్కటే, ఎంపిక మెంబర్లకి ఇచ్చేయండి, కానీ ముందస్తు డబ్బునీ, పంట కష్టనష్టాల్లో వాళ్ళ భాగాన్నీ మాత్రం వదలకండి. ఆ రెండూ వదిలేస్తే మీది ఇంటికి డెలివరీ ఇచ్చే ఇంకో కూరగాయల కొట్టు అయిపోద్ది, అక్కడ మీరు పెద్ద పెద్ద యాప్‌లతో పోటీ పడలేరు.

ఈ వాటాల ఆలోచన 1970ల్లో జపాన్‌లో బాగా పాకింది, అమెరికాలో 1986లో రెండు తోటలు మొదలెట్టాయి, అన్నిచోట్లా అసలు సంగతి ఒకటే: రైతుకి విత్తనం వేసేటప్పుడే డబ్బు కావాలి, కాపు దిగాక కాదు. మన దగ్గర ఆ డబ్బు కమీషన్ కొట్టు దగ్గర తీసుకుంటాం, తర్వాత పంట వాళ్ళకే, వాళ్ళు చెప్పిన రేటుకే వేయాల్సి వస్తది. మెంబర్ల డబ్బు ఆ ముడి విప్పుతుంది. అందుకే దాన్ని కాపాడుకోమంటున్నా.

ముందు, అసలు ఎందుకు మారుతున్నారో తేల్చుకోండి

కాయితం తీసుకుని పోయిన సీజన్లో మానేసిన ఇళ్ళ పేర్లు రాయండి. ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి అడగండి, మెసేజ్ పెడితే "ఏం లేదండి, ఊరెళ్తున్నాం" అంటారు, ఫోన్లో అయితే అసలు మాట వస్తది. ఎక్కువగా వినపడేవి ఇవే: వరసగా ఆనపకాయే వచ్చింది, ఇద్దరమే ఉంటాం ఇంత తినలేం, మా ఇంట్లో కాకరకాయ ఎవరూ ముట్టరు, మేం హైదరాబాద్ వెళ్ళిన రెండు వారాల బుట్ట వాచ్‌మన్‌కి ఇచ్చేశాం. ఇవన్నీ ఎంపిక లేకపోడం వల్ల వచ్చిన బాధలు, ఖాతా పద్ధతి వీటికి మందు. అలా కాకుండా "కూర వాడిపోయి వచ్చింది", "పుచ్చులు ఉన్నాయి", "టైముకి రాలేదు" అంటే మాత్రం పద్ధతి మార్చినా ఉపయోగం లేదు, కోత దగ్గరా రవాణా దగ్గరా సరిచేసుకోవాలి, అది ముందు చెయ్యండి.

మారడానికి దారులు మూడున్నాయి. బుట్ట అలాగే ఉంచి చిన్నది, పెద్దది అని రెండు సైజులు పెట్టి, ఇష్టం లేని ఒకటి రెండు రకాలు మార్చుకోనివ్వడం ఒకటి. పాతిక ఇళ్ళ లోపు ఉంటే ఇది చాలు, ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోకండి. రెండోది వారానికొకరోజు ఏ గుడి దగ్గరో అపార్ట్‌మెంట్ కిందో బల్ల వేసి, మెంబర్లు వచ్చి ఇన్ని రకాలు అని లెక్క ప్రకారం ఏరుకోడం. మూడోది ఖాతా: మూడు వేలు కడితే పేరు మీద మూడు వేలు రాసుంటుంది, తీసుకున్నప్పుడల్లా తగ్గుద్ది. రెండోదీ మూడోదీ కలిపి నడిపితేనే గోదావరి డెల్టా ఊళ్ళలో బాగుంటుందని నా నమ్మకం, ఎందుకంటే మనవాళ్ళకి కాయ చూసి, పట్టుకుని తీసుకోడం అలవాటు. లిస్టు చూసి ఫోన్లో చెప్పేవాళ్ళు చెప్తారు, బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు వస్తారు, లెక్క మాత్రం ఒక్క ఖాతాలోనే.

డబ్బు లెక్క

ఇక్కడ నిదానంగా కూర్చోండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

మూడు నెలల సీజన్ అంటే పదమూడు వారాలు. ఉదాహరణకి ఒక ఇంటికి వారానికి 240 రూపాయల కూరగాయలు అనుకుంటే 3,120. కాబట్టి 3,000 కట్టినవాళ్ళకి ఐదు శాతం కలిపి 3,150 ఖాతాలో వెయ్యండి, పెద్ద కుటుంబం వాళ్ళు 6,000 కడితే ఎనిమిది శాతం కలిపి 6,480 వెయ్యండి. ఆ కలిపేది ముందే కట్టినందుకు మీరిచ్చే మర్యాద, అప్పు మీద కట్టే వడ్డీతో పోలిస్తే ఇది తక్కువే. యాభై ఇళ్ళు 3,000 చొప్పున కడితే లక్షన్నర చేతికొస్తది, కానీ మీరు ఇవ్వాల్సిన కూరగాయలు 1,57,500 రూపాయలవి అని గుర్తు పెట్టుకోండి. ఆ డబ్బు ఇంకా మీది కాదు, కూర ఇచ్చాక మీది. అందుకని బ్యాంకులో వేరే ఖాతా తెరిచి అందులోనే వేయించుకోండి, విత్తనాలకి, పందిరి కర్రలకి, కూలీలకి కావల్సింది తీసుకుని కనీసం మూడో వంతు కదపకుండా ఉంచండి. వరదొచ్చి పంట పోయినా, ఎవరైనా మధ్యలో ఊరు మారి మిగిలింది వెనక్కి ఇమ్మన్నా, ఆ మూడో వంతే మిమ్మల్ని నిలబెడుద్ది.

రేట్లు రోజూ మార్చకండి. మార్కెట్ రేటు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, దాని వెంట పడితే మెంబరు కూడా ఫోన్ తీసి రైతు బజార్ రేటుతో పోల్చడం మొదలెడతాడు. సీజన్ అంతటికీ నాలుగు తరగతులు పెట్టేసుకోండి. ఆకుకూరలు కట్ట ఇంత; వంగ, బెండ, గోరుచిక్కుడు కిలో ఇంత; బీర, కాకర, దొండ, పొట్ల లాంటి పందిరి కూరలు కిలో ఇంత; కంద, పెండలం, పనసపొట్టు లాంటి పని ఎక్కువున్నవి ఇంత. పోయిన ఏడాది అదే సీజన్లో మీ దగ్గరి రైతు బజార్లో రాసిన రేట్లకి సగటు తీసి దానికి కాస్త పైన పెట్టండి. కార్తీక మాసంలో బయట రేట్లు మండిపోతాయి, అప్పుడు మీ మెంబర్లు లాభపడతారు, కాపు విరగబడి బయట బీరకాయ అడిగేవాడు లేనప్పుడు మీరు నిలబడతారు. ఆ ఇచ్చిపుచ్చుకోడమే వాటా అంటే. అయితే కార్తీకంలో బయట కిలోకి ఇరవై ఎక్కువొస్తుందని మెంబర్లకి కోత పెట్టి మార్కెట్‌కి తోలడం మాత్రం చేయొద్దండి, ఈ మాట గట్టిగా చెప్తున్నా. ఆ నెలలో మాంసం మానేసి ఇంటిల్లిపాదీ కూరగాయల మీదే ఉంటారు, సోమవారాలు, నాగుల చవితి, వనభోజనాలు అన్నీ అప్పుడే, అదే టైములో మీరు మొండిచెయ్యి చూపిస్తే వాళ్ళు ఏడాదంతా గుర్తుంచుకుంటారు.

తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు కాబట్టి బిల్లుల తలనొప్పి తక్కువ. కాటాకి మాత్రం తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టండి. పీజీఎస్ (రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) లాంటి సర్టిఫికెట్ లేకుండా లిస్టులో ఆర్గానిక్ అని రాయకండి, మీరు ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం వాడుతున్నారు, మందు కొట్టట్లేదు అంటే ఆ మాటే ఉన్నదున్నట్టు రాయండి.

పంట ప్లాను మారాలి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అమ్మే పద్ధతి మార్చి వేసే పద్ధతి పాతదే ఉంచుతారు. బుట్ట ఉన్నప్పుడు ఆనప ఎక్కువ కాస్తే అందరికీ ఒక్కోటి పెట్టేసేవాళ్ళు, ఇప్పుడు అలా కుదరదు, తీసుకునేవాళ్ళే తీసుకుంటారు. కాబట్టి ఒక్కో రకం తక్కువగా, రకాలు ఎక్కువగా, దఫదఫాలుగా వెయ్యాలి. తోటకూర నెల లోపే చేతికొస్తది, పది రోజులకో మడి చల్లితే ఎప్పుడూ ఉంటుంది. బెండ ఒకేసారి వేసేకన్నా మూడు వారాల తేడాతో రెండు విడతలు వెయ్యండి, నెలన్నరకి కోత మొదలయ్యాక రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే, ఒక్కరోజు ఆలస్యమైనా ముదిరిపోద్ది. దొండ పందిరి ఒకసారి వేస్తే చాలాకాలం కాస్తది, మీ లిస్టులో ఖాళీ లేకుండా చేసేది అదే. కంద ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది గానీ తవ్వాక నిలవుంటుంది, బచ్చలి తీగ పక్కనే పెంచండి, కంద బచ్చలి కూరకి రెండూ కలిపి ఒక కట్టగా పెడితే గోదావరి జిల్లాల్లో వద్దనేవాళ్ళు ఉండరు. పనసపొట్టు కూడా అంతే, లేత పనసకాయ ఊరికే ఇస్తే ఎవరూ తీసుకోరు, నూనె రాసిన కత్తితో చెక్కు తీసి పొట్టు కొట్టి ఇస్తే ఎగబడతారు.

వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక బోరో బావో ఉన్న మేరకే ఒప్పుకోండి. గోదావరి పాయల మధ్య లంక భూముల్లో అయితే వరదల నెలలకి మెంబర్లకి పెద్ద లిస్టు మాట ఇవ్వకండి, ఏటిగట్టుకి ఊరివైపు ఒక యాభై సెంట్లన్నా కౌలుకి దొరికితే ఆకుకూరలు, నారుమళ్ళు అక్కడ పెట్టుకోండి.

మెంబర్లు ఉల్లిపాయ, బంగాళాదుంప, టమాటా కూడా అడుగుతారు, ఒక్కచోటే అన్నీ దొరకాలని ఎవరికుండదు. మీరు పండించనిది ఇవ్వాలనుకుంటే లిస్టులో కింద వేరే గీత గీసి "బయటి సరుకు" అని, ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్‌ది, టమాటా మదనపల్లి వైపుది అని ఎక్కడిదో రాసి ఇవ్వండి. తోట సరుకులో కలిపేసి ఇచ్చిన రోజున మీ మీద నమ్మకం పోద్ది, అది మళ్ళీ రాదు.

వారం ఎలా తిరగాలి

ఆదివారం పొద్దున బల్ల అనుకుందాం. గురువారం సాయంత్రం తోటంతా ఒక చుట్టు తిరిగి ఏది ఎన్ని కిలోలు వస్తదో అంచనా వేసి, అందులో ఎనభై శాతమే లిస్టులో పెట్టండి. శుక్రవారం రాత్రి తొమ్మిదింటి దాకా ఆర్డర్లు, వాట్సాప్‌లో ఎవరికి వాళ్ళు మీకు విడిగా పంపాలి, గ్రూపులో పెడితే గందరగోళం. శనివారం పొద్దున అన్నీ ఎక్సెల్ లాంటి లెక్కల షీట్‌లో ఎక్కించి రకం వారీగా మొత్తం తీస్తే కోత లిస్టు వచ్చేస్తది. కంద, గుమ్మడి, దొండ శనివారం మధ్యాహ్నానికి, మిగతా పందిరి కూరలు సాయంత్రం చల్లబడ్డాక, ఆకుకూరలు ఆదివారం తెల్లారకముందు. తోటకూర కట్టలు వేళ్ళు కిందికి పెట్టి నిలబెట్టి పైన తడిపిన గోనె కప్పండి, బెండకాయ మాత్రం తడపకండి, నల్లబడి జిగురొస్తది. బీరకాయలు క్రేట్‌లో కుక్కితే కణుపులు నలిగి మధ్యాహ్నానికి గోధుమరంగు తిరుగుతాయి, రెండు వరసలకి మించి పేర్చొద్దు.

బల్ల దగ్గర ఒక చిన్న గొడవ ఖాయంగా వస్తది, బెండకాయ చివర విరిచి చూడటం. లేతదా కాదా తెలియాలంటే మనవాళ్ళు తుంచుతారు, ఆనపకాయకి గోరు గుచ్చుతారు, అది తప్పని అనుకోరు, అమ్మమ్మల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి. కానీ పదిమంది తుంచితే పదకొండో ఇంటికి మిగిలేది మొండి కాయలే. మాటలతో ఆపలేరు, బెండ తోట దగ్గరే ముదుర్లు ఏరేసి అరకిలో చొప్పున సంచుల్లో కట్టి పెట్టండి. ఆనపకాయ ఒకటి మీరే కోసి సగం బల్ల మీద పెట్టండి, లోపల గింజ లేతగా ఉందని కంటికి కనపడితే మిగతావాటి జోలికి గోరు రాదు.

తక్కువ ఉన్న సరుకుకి ఇంటికింత అని పరిమితి లిస్టులోనే రాసెయ్యండి, ముందొచ్చినవాళ్ళకే అన్నీ అంటే ఆదివారం ఆలస్యంగా నిద్రలేచేవాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు నష్టపోతారు. పోయినవారం అందని ఇంటికి ఈవారం ముందు. మిగిలిపోయింది ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోండి: ఆలమూరు, రావులపాలెం వైపు వాళ్ళకి మడికి మార్కెట్ ఉంది, మిగతావాళ్ళకి దగ్గర్లో రైతు బజారు. గోరుచిక్కుడు, వంకాయ ఒరుగులు పెట్టి, మిరపకాయలు చల్లలో ఊరేసి ఎండబెట్టి అమ్మొచ్చు గానీ అలా తయారుచేసినవి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, అది చిన్నవాళ్ళకి పెద్ద కష్టమేం కాదు.

వరదలకి, తుఫాన్లకి రూలు

గోదావరి పక్కన వ్యవసాయం చేస్తూ ఈ రూలు రాయకుండా డబ్బు తీసుకోడం నాకు అసలు నచ్చదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, 2022 జులైలో లంకలు మునగడం మనం చూసిందే. మెంబరు కూడా ఇక్కడివాడే, ఏరు పొంగితే కూర రాదని వాళ్ళకీ తెలుసు, కానీ డబ్బు సంగతి ఏంటో ముందే తెలియాలి.

"పరిస్థితి బాలేకపోతే" లాంటి మాటలు రాయకండి, వాదనలొస్తాయి. అందరికీ తెలిసిన కొలత పెట్టండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, టీవీలో పేపర్లో వెంటనే వచ్చేస్తది. మొదటి హెచ్చరిక వస్తే లిస్టు చిన్నదవుద్ది, లంకలో ఉన్నది ఉన్నట్టు ముందుగానే కోసి ఇస్తాం. రెండోది వస్తే ఆ వారం బల్ల ఉండదు, ఖాతాలో డబ్బు అలాగే ఉంటుంది, సీజన్ ఆ మేరకి ముందుకి జరుగుద్ది. తోట మునిగి మళ్ళీ విత్తాల్సి వస్తే ఖాతాలో అప్పటికి మిగిలినదాంట్లో ఇంత శాతం, పది అనుకోండి, మెంబరు వాటా నష్టంగా తగ్గుద్ది, మిగతాది కొత్త పంట మీద ఇస్తాం, లేదా కావాలంటే వెనక్కి. ఆ పది శాతం అడగడానికి మొహమాటపడతారు, పడకండి. మొత్తం నష్టం రైతే మోస్తే అది వాటా ఎలా అవుద్ది? ముందే చెప్తే ఒప్పుకునేవాళ్ళే చేరతారు, ఒప్పుకోనివాళ్ళకి వారం వారం డబ్బిచ్చి కొనుక్కునే దారి తెరిచి ఉంచండి, బోనస్ లేకుండా.

పాత మెంబర్లకి చెప్పడం

కొత్త సీజన్‌కి నెల ముందు చెప్పండి, మధ్యలో మార్చకండి. మెసేజ్ పొడుగ్గా వద్దు, ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండి. వచ్చే సీజన్ నుంచి బుట్ట బదులు ఖాతా పద్ధతి పెడుతున్నాం. మీరు కట్టిన డబ్బు మీ పేరు మీద ఉంటుంది, వారం వారం లిస్టు చూసి మీకు కావల్సినవి చెప్పొచ్చు, ఊరెళ్తే ఆ వారం మానెయ్యొచ్చు. పాత బాకీ ఏమన్నా మీకు రావాల్సి ఉంటే కొత్త ఖాతాలో కలిపేస్తాం. ఎంచుకునే ఓపిక లేకపోతే 'మీ ఇష్టం' అని పెట్టండి, మేమే సర్ది ఇస్తాం. వరద రూలు కింద ఉంది, దయచేసి చదివి సరే అనండి."

ఆ 'మీ ఇష్టం' అన్నది తీసెయ్యకండి. సగానికి సగం మంది ఏదో వారం దాన్నే వాడతారు, ఎక్కువ కాసిన సరుకు కదలడానికి అది మీకు చాలా అవసరం, అందుకని ఆ సంచిలో ఓ కట్ట గోంగూర ఎక్కువ వెయ్యండి. ఇక ఫోన్లో లిస్టులు చూడలేని పెద్దవాళ్ళుంటారు. "బాబూ నాకు ఈ ఖాతాలు తెలీవు, ఇదివరకటిలాగే పంపించు" అంటే "సరే మామ్మగారూ, శుక్రవారం నేనే ఫోన్ చేస్తాను, ఏం కావాలో చెప్పండి" అనండి, ఫోన్ చెయ్యండి కూడా. వాళ్ళకి ఒక చిన్న పుస్తకం ఇచ్చి తీసుకున్నప్పుడల్లా మిగిలింది రాసి సంతకం పెట్టండి, పాలవాడి కార్డులాగా. నిజానికి అందరికీ నెలకోసారి మిగిలింది ఇంత అని పంపాల్సిందే, లెక్క దాగితే ముందు డబ్బు ఎవరూ కట్టరు.

అందరినీ ఒకేసారి మార్చకుండా మొదటి సీజన్‌లో ఒక కాలనీనో ఒక అపార్ట్‌మెంటునో ఖాతాకి తెచ్చి మిగతావాళ్ళకి బుట్టే నడపండి. పని ఎక్కువవుద్ది, నిజమే, కానీ షీట్‌లో తప్పులు పదిహేను ఇళ్ళ దగ్గర దొరికితే మంచిది, యాభై ఇళ్ళ దగ్గర దొరికితే తట్టుకోలేరు.

సీజన్ చివర

ఆఖరి మూడు వారాల్లో ఒక చిక్కు ఉంది: కొందరు వాడకుండా దాచుకున్న డబ్బంతా ఒకేసారి ఖర్చు పెట్టడానికి వస్తారు, మీ తోటలో అంత సరుకుండదు. అందుకని నెలకి ఇంత కనీసం వాడాలని మొదట్లోనే పెట్టండి, 500 అనుకోండి, సగం సీజన్ దాటాక ఎక్కువ మిగిలినవాళ్ళకి మీరే ఫోన్ చేసి గుర్తుచెయ్యండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బంధువులు దిగినప్పుడు పెద్ద ఆర్డర్లకి ఆ డబ్బు వాడుకోమనండి, ముక్కల పులుసుకి గుమ్మడి, చిలగడదుంప, వంకాయ, మునక్కాడ కలిపి ఒక సెట్టు కడితే ఒక్కవారంలో చాలా ఖాతాలు సర్దుకుంటాయి. అప్పటికీ మిగిలితే వందల్లో ఉన్నది వచ్చే సీజన్‌కి, మెంబరు మానేస్తానంటే వారంలోపు పూర్తిగా వెనక్కి. గడువైపోయింది, డబ్బు పోయింది అనే రూలు పెట్టొద్దు.

తర్వాత షీట్ తెరిచి మూడు విషయాలు చూడండి, ఎవరూ అడగని రకాలేంటి, లిస్టు పెట్టిన గంటలో అయిపోయినవేంటి, 'మీ ఇష్టం' ఎన్ని వచ్చాయి. మొదటివి వచ్చే సీజన్‌లో సగం చెయ్యండి, రెండోవాటికి ఇంకో బోదె పెంచండి, మూడోది మరీ ఎక్కువుంటే మీ మెంబర్లకి బుట్టే నచ్చుతోందని అర్థం, వాళ్ళ వరకూ రెండు సైజుల బుట్ట ఉంచేసి ఖాతా మిగతావాళ్ళకి నడపండి.